పతకం లేని మాస్టారు పతకం తేలేరా?

విజయనగరంలో పిల్లల్ని ఆటలకు పంపే తల్లిదండ్రుల ఫోన్లలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. పైన అమెరికా మల్లయోధుడు డాన్ గేబుల్ ఫొటో, కింద నాలుగు మాటలు. గేబుల్ ఓటమి ఎరగని వీరుడన్నది మొదటిది. ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు కాబట్టే కోచ్‌గా అడుగుపెట్టిన రోజు నుంచీ గెలిచాడన్నది రెండోది. తనకు పతకం లేనివాడు శిష్యుడికి పతకం తెచ్చిపెట్టలేడన్నది మూడోది. అలాంటి ఛాంపియన్లు మన జిల్లాల్లో కోచ్‌లుగా లేరు కనుక పిల్లల్ని హర్యానాకు పంపండి, లేదంటే మాన్పించండి అన్నది చివరిది.

మా వీధిలో ఒకావిడ ఇది చదివి పన్నెండేళ్ల కొడుకును కుస్తీ మాన్పించారు. ఆవిడను తప్పుపట్టను. ఫొటో నిజమైనదే, మనిషి గొప్పవాడే, కింద రాసింది కూడా నిజమే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ గేబుల్ జీవితం ముందు నిలబడదు. అందుకే వరసగా జవాబు రాస్తున్నాను.

ఓటమి ఎరగకపోవడం సంగతి ముందు చూద్దాం. గేబుల్ 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో పుట్టాడు. హైస్కూల్లో ఆడిన 64 పోటీలూ గెలిచాడు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాక మరో 117 గెలిచాడు. మిగిలింది ఒకే ఒక్క పోటీ. అది కళాశాల జీవితంలో ఆఖరిది, 1970 జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తరఫున వచ్చిన లారీ ఓవింగ్స్ అంతకు ముందు పై బరువు విభాగాల్లో ఆడినవాడు. గేబుల్‌తోనే తలపడాలని పట్టుబట్టి, బరువు తగ్గించుకుని 142 పౌండ్ల విభాగానికి దిగాడు. 13-11 తేడాతో గెలిచాడు. హైస్కూలు, కళాశాల పోటీల్లో గేబుల్‌కు ఎదురైన మొదటి ఓటమి అందరూ చూస్తుండగా, అందరూ గెలుస్తాడనుకున్న రోజున ఎదురైంది.

ఆ తర్వాత ఏం జరిగిందో సందేశం రాసినవారు తెలుసుకోవాల్సింది. గేబుల్ 1971లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 68 కిలోల విభాగంలో ప్రత్యర్థులెవరికీ ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం తీసుకున్నాడు. ఆ ఓటమే తనను మరింత కష్టపడేలా చేసిందని ఆయన తర్వాతి కాలంలో పదేపదే చెప్పుకున్నాడు. అంటే ఆయన కథలో ఆయువుపట్టు ఓటమే. దాన్ని తీసేసి పిల్లలకు చెబితే, మొదటిసారి ఓడిన రోజునే ఆ పిల్లవాడు తాను పనికిరానని అనుకుంటాడు. ఈ సందేశం మీద నాకు ఎక్కువ కోపం ఇక్కడే.

ఇక రెండో మాట. స్వర్ణం మెడలో పడిన వెంటనే గేబుల్ పెద్ద కోచ్ కుర్చీలో కూర్చోలేదు. తాను చదివిన అయోవా స్టేట్‌లో కాదు, అదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయమైన అయోవాలో గ్యారీ కర్డెల్‌మయర్ కింద సహాయ కోచ్‌గా చేరాడు. ఒలింపిక్ ఛాంపియన్ అయి ఉండి, నాలుగేళ్లు ఇంకొకరి దగ్గర పని చేశాడు. ఆ కాలంలోనే, 1975లోనూ 1976లోనూ, ఆ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. తర్వాత పగ్గాలు గేబుల్ చేతికి వచ్చాయి. వరసగా రెండుసార్లు గెలిచిన జట్టు, స్వర్ణ పతక విజేత కోచ్. అయినా 1977లో అయోవాకు దక్కింది మూడో స్థానమే.

తర్వాతి గెలుపులు నిజమే. 1978 నుంచి 1986 దాకా వరసగా తొమ్మిది టైటిళ్లు. పదోది కూడా వస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే 1987లో ఆయన చదివిన అయోవా స్టేట్ జట్టే గెలుచుకుపోయింది. ఆ ఏడాదీ, మరో మూడేళ్లూ ఆయన జట్టుకు టైటిల్ లేదు. 1991లో మళ్లీ గెలిచి, 1997లో తప్పుకునేలోపు మొత్తం పదిహేనుకు చేర్చాడు. 21 సీజన్లలో 15 అంటే ఆరుసార్లు రాలేదని అర్థం. మెడలోని స్వర్ణమే గెలిపించేదైతే ఆ ఆరేళ్లూ అది ఎక్కడికి పోయినట్టు? పతకం అదే, మనిషీ అతనే. మారింది ఏటేటా వచ్చే పిల్లలు, వాళ్లకు తగ్గట్టు ఆయన మార్చుకోవాల్సి వచ్చిన పని.

ఈ సందేశానికి మన కోడి రామమూర్తి నాయుడు గారి పేరును కూడా కొందరు జోడిస్తున్నారు. బలవంతుడు కాబట్టే గురువయ్యారని వారి వాదన. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడే కుస్తీలో పేరు తెచ్చుకున్నారు. కానీ పేరుంది కదా అని నేరుగా బడిలో పాఠం మొదలుపెట్టలేదు. మద్రాసు సైదాపేట వెళ్లి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణలో చదువుకుని, యోగ్యతాపత్రం తీసుకుని, తిరిగి వచ్చి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. సర్కస్ ఖ్యాతి అంతా తర్వాతి సంగతి. నేర్పడం వేరే విద్య అని ఆయనకు తెలుసు.

మూడో మాట, పతకం లేనివాడు పతకం తేలేడన్నది, నాలుగింటిలోనూ ఎక్కువ హాని చేసేది. అదే నిజమైతే ఏ దేశానికైనా మొదటి పతకం ఎలా వస్తుంది? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. అప్పటిదాకా మన దేశంలో వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్ పతకమే లేదు. ఆమెకు తొలి పాఠాలు చెప్పిన ఆమదాలవలస కోచ్ నీలంశెట్టి అప్పన్న గారికి మాత్రం ఒలింపిక్ పతకం ఎక్కడి నుంచి వస్తుంది?

నెల్లిమర్ల మండలం కొండవెలగాడ సంగతి మన జిల్లాలో ఎవరికి తెలియదు? ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఆ ఊళ్లో బరువులెత్తడం అన్నను చూసి తమ్ముడు, అక్కను చూసి చెల్లెలు నేర్చుకున్న విద్య.

కుస్తీలోనే ఉదాహరణ కావాలంటే ఢిల్లీ చూడండి. 1982 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన సత్పాల్ సింగ్ తర్వాత ఛత్రసాల్ స్టేడియంలో కోచ్‌గా సుశీల్ కుమార్‌ను తీర్చిదిద్దారు. సందేశం రాసినవారికి ఇది అనుకూలమే, ఒప్పుకుంటాను. మంచి ఛాంపియన్ మంచి గురువు కావచ్చు, గేబుల్ కూడా అయ్యాడు. కానీ సత్పాల్‌కు ఒలింపిక్ పతకం లేదు, శిష్యుడికి రెండున్నాయి. సత్పాల్‌కు నేర్పిన గురు హనుమాన్‌కూ ఒలింపిక్ పతకం లేదు. ఢిల్లీలో తన అఖాడాలోనే, అంటే కుస్తీ శాలలోనే, జీవితం గడిపిన ఆయనకు 1987లో కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం వచ్చింది.

మరి మంచి మాస్టారిని దేన్నిబట్టి గుర్తుపట్టాలి? ఈమధ్య ఒక ఉదయం మా ఊరి గ్రౌండ్‌లో చూసింది చెబుతాను. ఒక కుర్రవాడు ఎదుటివాడి కాలు పట్టుకోవడానికి దూకుతున్నాడు. దూకిన ప్రతిసారీ తల కిందికి వాలిపోతోంది. తల వాలితే అవతలివాడు మెడ మీద బరువు మోపి, చుట్టూ తిరిగి వెనక నుంచి పట్టేస్తాడు, రెండు పాయింట్లు పోతాయి. మాస్టారు కేక వేయలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వాడి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి తల ఎత్తి, చెవిని ప్రత్యర్థి పక్కటెముకలకు ఆనించారు. “ఇక్కడ. మళ్లీ చెయ్యి నాన్నా” అన్నారు. వాడు మళ్లీ చేశాడు, తల మళ్లీ వాలింది. ఆయన మళ్లీ ఎత్తారు. నేను చూస్తున్నంతసేపూ అదే పని. ఆయనకు ఏ పతకం ఉందో నాకు తెలియదు, ఆ కుర్రవాడికి దాని అవసరమూ కనిపించలేదు.

ఇంకో సంగతి ప్రాణాలకు సంబంధించినది. బరువు తగ్గించుకోవడంలో ఛాంపియన్లు తమ శరీరంతో చేసిన సాహసాలు కథలుగా తిరుగుతుంటాయి, పిల్లలు వాటిని అనుకరిస్తారు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లయోధులు తక్కువ రోజుల్లో బరువు తగ్గే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ ఆవిరి గదులనూ రబ్బరు దుస్తులనూ నిషేధించి, తూకాన్ని పోటీ సమయానికి దగ్గరగా జరిపారు. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల అదనపు బరువు వల్ల ఫైనల్ ఆడలేకపోయిన సంగతి అందరికీ తెలిసిందే. అంత అనుభవం, అంతమంది సహాయకులు ఉన్నచోటే ఇది ఇంత కష్టమైతే, ఎదిగే పిల్లవాడికి నీళ్లు మానిపించి బరువు దించే కోచ్ ఎన్ని పతకాలు గెలిచినవాడైనా నాకు అక్కర్లేదు.

హర్యానా మాటకు వస్తే, అక్కడ మంచి మ్యాట్లు, సాధనకు దీటైన జోడీలు, పాలూ నెయ్యీ సమృద్ధిగా ఉన్నాయన్నది నిజం. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు జాతీయ స్థాయికి చేరాక వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి. పన్నెండేళ్లకు ఎందుకు? గేబుల్ కూడా తొలి పాఠాలు సొంత ఊళ్లోనే నేర్చుకున్నాడు. హైస్కూలు కోచ్ బాబ్ సిడెన్స్ దగ్గర ఎదిగి, సొంత రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలోనే చదివి, అదే రాష్ట్రంలో కోచ్ అయ్యాడు.

కాబట్టి ఆ సందేశాన్ని ఇంకొకరికి పంపే ముందు ఒక ఉదయం మీ ఊరి గ్రౌండ్‌కు వెళ్లి గంటసేపు నిలబడండి. ఓడిన పిల్లవాడితో మాస్టారు ఏం మాట్లాడుతున్నారో వినండి. దెబ్బ తగిలితే ఏం చేస్తారు, బరువు ఎలా తగ్గిస్తారు, పరీక్షల రోజుల్లో సాధన ఎంత అని అడగండి. జవాబులు నచ్చకపోతే పిల్లవాణ్ని మాన్పించడానికి మీకు సరైన కారణం దొరికినట్టే. నచ్చితే రేపటి నుంచే మళ్లీ పంపండి.