అందరూ రండి, కీబోర్డు వాళ్లు ముందు రండి

ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా హైవే పొడుగునా చర్చి గోడల మీద తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి." సమస్త జనులు నిజంగానే వచ్చేస్తే, వాళ్లలో ఒక గే కుర్రాడూ ఉంటే, సంఘ కమిటీ ఏం చేయాలో మాత్రం గోడ మీద రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సూచనలు.

గే కుర్రాడు ఎక్కడి నుంచో కొత్తగా ఊడిపడడని ముందు గ్రహించాలి. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు కొట్టి, క్రిస్మస్ నాటకంలో జ్ఞాని వేషం కట్టి, ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్నవాడే అతను. కాబట్టి స్వాగతం పలికే పని లేదు, తెలిసినా తెలియనట్టు ఉంటే చాలు. అది మన సంఘాలకు కొత్త విద్యేమీ కాదు. కట్నం ఎంత పుచ్చుకున్నారో పెళ్లి జరిపించే అయ్యగారికి ఏనాడైనా తెలిసిందా?

చిక్కంతా నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర వస్తుంది. సంగతి పొక్కినవాణ్ణి బల్లకు దూరం పెట్టాలని పెద్దలు తీర్మానిస్తారు గానీ, బల్ల నడిచే తీరు ఆలోచించరు. చిన్న గ్లాసుల ట్రే వరస మొదట్లో ఒకరి చేతికిస్తే చేతులు మారుతూ చివరికి పోతుంది. మధ్యలో ఒకడు తీసుకోకుండా పక్కకు అందిస్తే వెనక రెండు వరసలూ చూస్తాయి. మధ్యాహ్నానికి పాలెమంతా తెలుస్తుంది. సాయంత్రానికి కావలి నుంచి మేనత్త ఫోను. అందుకని రొట్టె విరిచినప్పటి నుంచి ఆఖరి ట్రే తిరిగొచ్చేదాకా అతన్ని కీబోర్డు ముందు నుంచి లేవనివ్వకూడదు. "అబ్బయ్యా, మెల్లగా వాయిస్తా ఉండు, ఆపమాక" అంటే చాలు. రెండు చేతులూ కీబోర్డు మీద ఉన్నవాడికి ట్రే ఎవరూ అందించరు. సంగీతమూ దక్కింది, క్రమశిక్షణా దక్కింది. మిగిలిన గ్లాసు సంగతి డీకన్ గారు చూసుకుంటారు.

ఆడపిల్లల విషయంలో ఇంత శ్రమ ఉండదు. ఇద్దరు పిల్లలు స్త్రీల సమాజంలో ఎప్పుడూ పక్కపక్కనే కూర్చుని పాడుతుంటే, సొంత అక్కచెల్లెళ్లు కూడా ఇట్టా ఉండరని మెచ్చుకుంటారు. పెళ్లి వద్దన్న రోజునే ప్రార్థన మొదలు.

ఇక బాగుచేయడం. స్వలింగ ఆకర్షణ జబ్బే కాదని భారత మానసిక వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. "మార్చేస్తాం" అనే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. దేవుని దయవల్ల ఆ నిబంధన డాక్టర్లకే. ఒలీవ నూనె సీసా, శుక్రవారం ఉపవాస కూటం కమిషన్ పరిధిలోకి రావు. అయితే ఇక్కడొక సాంకేతిక లోపం ఉంది: ఉపవాసం కొడుకు ఉండడు, తల్లి ఉంటుంది, షుగరు మనిషైనా సరే. మూడో శుక్రవారం కళ్లు తిరిగి పడేది ఆమే. "నాకు బాగయింది అయ్యగారూ" అని కొడుకు అనేది అమ్మ అన్నం తింటుందని. ఆ మాటనే మైకులో సాక్ష్యంగా చెప్పించాలి.

సాక్ష్యం నిలబడాలంటే పెళ్లి చేయాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వరుడికి 21, వధువుకు 18 నిండాయా, ఇదివరకటి భార్యో భర్తో బతికి ఉన్నారా అని చూస్తుంది. అబ్బాయికి అసలు ఆడపిల్లలంటే ఇష్టమేనా అనే గడి రిజిస్టరులో లేదు. పొదిలి వైపో కందుకూరు వైపో సంబంధం కుదిర్చి, "కుర్రాడు భక్తిపరుడు, ఆడపిల్లల వంక కన్నెత్తి చూడడు" అని చెప్పాలి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఏడాది తిరక్కుండా ఆ పిల్ల పుట్టింటికొస్తే, 1869 నాటి విడాకుల చట్టం పట్టుకుని కోర్టు మెట్లెక్కడం ఆమె పాట్లు. కమిటీ మినిట్స్‌లో ఆ పిల్ల పేరు ఎక్కడా రాకూడదు.

ప్రసంగానికి, మగవాళ్ల మధ్య సంబంధం కూడదనే లేవీయకాండము 18, 20 అధ్యాయాలు శ్రేష్ఠం. పేజీలు తిప్పేటప్పుడు మాత్రం 11వ అధ్యాయం దగ్గర ఆగవద్దు. రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవులను తినవద్దని ఉందక్కడ. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద వచ్చే దశమభాగాలతో మందిరానికి వేసుకున్న స్లాబు కింద కూర్చుని ఆ వచనం వినడం సంఘానికి కష్టం.

బాధ్యతను పైవాళ్ల మీదికి నెట్టే సౌకర్యం కూడా అందరికీ లేదు. పెళ్లిలా కనపడకుండా స్వలింగ జంటను ఫాదర్ ఆశీర్వదించవచ్చని వాటికన్ 2023 డిసెంబరులో చెప్పింది కాబట్టి, కాతోలికులు మెచ్చుకున్నా తిట్టుకున్నా రోము ఉంది. మన బాప్టిస్టుల్లో ఏ సంఘానికి ఆ సంఘమే స్వతంత్రం. నెపం వేయడానికి పోపు లేడు. పోలీసుల పేరు చెప్పి బెదిరిద్దామంటే 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు ఆ దారీ మూసేసింది.

చరిత్ర జోలికి అసలు పోవద్దు, ఒంగోలులో మరీనూ. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరకు తేల్చి చెప్పారు. ఆ రోజు దొర, దొరసాని విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందట: తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని. దొర అంతటితో ఆగిపోయాడు, సబ్‌కమిటీ వేయలేదు. ఫలితంగా 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చేశారు. మన పద్ధతిలో నెలకొక కేసు తేల్చుకుంటూ పోయుంటే 2063 దాకా సమయముండేది. ఈపాటికి కమిటీలో కూర్చున్న పెద్దల్లో కొందరి ముత్తాతలు ఇంకా ఏటిగట్టునే నిలబడి ఉండేవాళ్లు.

ఇన్ని చేసినా కుర్రాడు దాచుకోనంటే, సభ్యత్వ బదిలీ ఉత్తరం ఒక్కటే మార్గం. "సత్ప్రవర్తన గలవాడు, చందా బాకీ లేదు, కీబోర్డు బాగా వాయిస్తాడు" అని రాసి, సెక్రటరీ సంతకంతో కావలి పంపాలి. కావలి వాళ్లు గూడూరు పంపుతారు, గూడూరు వాళ్లు ఒంగోలు పంపుతారు. ఉత్తరం తేదీ మాత్రం జనవరిలో వేయాలి. డిసెంబరులో వేస్తే క్రిస్మస్ క్యారల్స్‌కి వాయించేవాడు ఉండడు.