చిన్న ఎస్‌ఎస్‌డీకీ క్లోన్ అవుతుంది
500 జీబీ హార్డ్ డిస్కును 240 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయలేం (అంటే విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు కాపీ చేయలేం), విండోస్ మళ్లీ వేసుకోవాల్సిందేనన్న మాట సరికాదు. చూడాల్సింది డిస్కు సైజు కాదు, అందులో నిండిన డేటా. 240 అని అమ్మేది విండోస్‌లో 223 జీబీగానే కనబడుతుంది కాబట్టి వాడకం 170-180 జీబీ లోపుండాలి. సినిమాలు, ఫొటోలు ముందే బయటి డిస్కులోకి తీసేయండి. అసలు చిక్కు, ఎస్‌ఎస్‌డీలో పట్టేలా సి డ్రైవ్‌ను కుదించేటప్పుడే. రెండొందల జీబీ ఖాళీ ఉన్నా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ఒక్కోసారి పదో ఇరవయ్యో మించి ఇవ్వనంటుంది. కదలని ఫైళ్లు మధ్యలో తిష్ఠ వేసుంటాయి మరి: హైబర్నేషన్ ఫైలు (నిద్రపుచ్చేటప్పుడు మెమరీని దాచేది), పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడుకునేది), రిస్టోర్ పాయింట్లు (విండోస్‌ను పాత స్థితికి తెచ్చేవి). మూడూ ఆపేసి, రీస్టార్ట్ చేసి, అప్పుడు కుదించండి. ఇంతా చేశాక రికవరీ పార్టిషన్ (విండోస్ చెడితే బాగుచేసుకునే భాగం) డిస్కు చివరే ఉండిపోతే మళ్లీ మొదటికే వస్తుంది, దాన్ని జీపార్టెడ్ అనే ఉచిత టూల్‌తో సి పక్కకు జరపాలి. క్లోన్ చేసే ఉచిత టూల్ క్లోన్‌జిల్లా అప్పటికీ టార్గెట్ (ఎస్‌ఎస్‌డీ) చిన్నదని మొరాయిస్తే ఎక్స్‌పర్ట్ మోడ్‌లో సైజు తనిఖీ వదిలేసే ఆప్షన్ పెట్టండి. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే వీటన్నిటికంటే ముందే తీసేయాలి. వానాకాలంలో ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ వైపు కరెంటు పోయే సంగతి తెలిసిందే, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలెట్టొద్దు. క్లోన్ మధ్యలో ఆగితే మళ్లీ చేసుకోవచ్చు, పాత డిస్కు భద్రమే. పార్టిషన్ జరుపుతుండగా కరెంటు పోతే మాత్రం డేటాకే ఎసరు, అందుకే ముందు బ్యాకప్. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేయండి. రెండూ ఉంటే పాతదాని మీదే బూట్ అయి, ఎస్‌ఎస్‌డీ వేసినా స్పీడు పెరగలేదేంటని తల పట్టుకుంటారు.