హాల్ బ్లేన్ మీద అభియోగపత్రం

పని చేసినవాడు పేరు అడగకూడదన్నది నాగరిక సమాజానికి పునాది. ఇల్లు కట్టిన మేస్త్రి పేరు గుమ్మం మీద ఉండదు, అప్పుచేసి కట్టించినాయన పేరుంటుంది. ఎవరికీ అభ్యంతరం లేని ఈ చక్కటి ఏర్పాటును లాస్ ఏంజిలస్ నగరంలో, ఇతరుల రికార్డులకు కూలికి వాయించే ఒక డ్రమ్మరు రెండు దశాబ్దాలపాటు బాహాటంగా ధిక్కరించాడు. పేరు హాల్ బ్లేన్. 1929లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలియోక్‌లో హెరాల్డ్ సైమన్ బెల్‌స్కీగా పుట్టాడు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆ మంచి 2019లో పత్రికలన్నీ చెప్పేశాయి కాబట్టి మిగిలింది నేను చెబుతాను.

ఆయన చేసిన నేరం ఒక రబ్బరు స్టాంపు. రికార్డింగ్ పూర్తయ్యాక తన ముందున్న నొటేషన్ కాగితం మీద ‘హాల్ బ్లేన్ మళ్లీ కొట్టాడు’ అని ఇంగ్లిషులో ముద్ర గుద్దేవాడు. యూనియన్ రేటు ప్రకారం గంటల లెక్కన కూలి పుచ్చుకున్న మనిషి. పుచ్చుకున్నాక సంతకం పెట్టాల్సింది వోచరు మీద. పాట మీద ముద్ర వేయడమేమిటి? ఆ కాగితాలు చెత్తబుట్టలోకి పోయినా బాగుండేది. కొన్ని మిగిలాయి. వాటిని పట్టుకుని చరిత్రకారులు బయల్దేరారు, ఏ పాటలో ఎవరు వాయించారో తవ్వడం మొదలెట్టారు. అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరినవాటిలో దాదాపు 40, మొదటి పదిలోకి వచ్చినవాటిలో 150కి పైగా ఈయన దరువేనని తేలింది. తేలకపోతే ఎవరికైనా నిద్ర పట్టలేదా?

నష్టం ఎవరికో ఆలోచించండి. 1965లో ‘ద బర్డ్స్’ అనే కుర్రాళ్ల బృందం ‘మిస్టర్ టాంబురీన్ మ్యాన్’ పాటతో పట్టిక ఎక్కింది. ఆ బృందానికి బహు అందమైన డ్రమ్మరు ఒకడున్నాడు, మైకేల్ క్లార్క్. ఆ జుట్టు చూసి ఆడపిల్లలు గోడల మీద బొమ్మలు అంటించుకున్నారు. తీరా చూస్తే ఆ రికార్డులో వాయిద్యం పట్టుకున్న బర్డ్ ఒక్కడే, రోజర్ మెక్‌గ్విన్. డ్రమ్ములు బ్లేన్‌వి. అప్పటికి బ్లేన్‌కు ముప్పై అయిదు దాటాయి. ఆయన బొమ్మ ఎవరు అంటించుకుంటారు? జుట్టు ఒకరిది, చెయ్యి ఒకరిది. ఇందులో మోసమేముందండీ, ఎవరికి ఉన్నది వాళ్లు ఇచ్చారు.

బీచ్ బాయ్స్ విషయం ఇంకా ఘోరం. సముద్రపు అలల మీద పలక వేసుకుని తేలడం గురించి పాడి కోట్లు గడించిన ఆ బృందంలో నిజంగా అలలెక్కగలిగినవాడు డ్రమ్మరు డెనిస్ విల్సన్ ఒక్కడే. అందుకని ఆయన అలల దగ్గరుండేవాడు, చాలా రికార్డుల్లో ఆయన సీట్లో బ్లేన్ కూర్చునేవాడు. ఇంతకంటే న్యాయమైన శ్రమవిభజన నాకు ఎక్కడా కనబడలేదు. 1966లో వచ్చిన ‘పెట్ సౌండ్స్’ ఆల్బంలో చివరి పాట మొదట్లో వినిపించే ఆ ‘టక్’ కూడా బ్లేన్‌దే. నీళ్ల వ్యాపారులు ఇళ్లకు తెచ్చిపెట్టే పెద్ద డబ్బాను బోర్లించి కొట్టాడు. డ్రమ్ములకు డబ్బులిస్తే డబ్బా కొట్టినవాడు చరిత్రకెక్కడం ఆ దేశంలోనే చెల్లింది.

ఇక పనితనం. 1963లో ‘గోల్డ్ స్టార్’ స్టూడియోలో ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత ‘బీ మై బేబీ’ రికార్డు చేస్తున్నాడు. నాలుగు మాత్రల దరువులో రెండో మాత్ర మీద, ‘ఠాప్’మనే స్నేర్ డ్రమ్ము పడాలి. పడలేదు. పొరపాటైందని బ్లేన్ తానే తర్వాత చెప్పుకున్నాడు. క్రమశిక్షణ గల ఉద్యోగి ఏం చేస్తాడు? ఆగి, క్షమాపణ చెప్పి, మళ్లీ మొదలెడతాడు. ఈయన, రెండో మాత్రను వదిలేసినట్టే వదిలేసి నాలుగో మాత్ర మీద మాత్రమే కొట్టుకుంటూ పాటంతా లాక్కొచ్చాడు. ‘ధుమ్, ధ ధుమ్, ఠాప్’. నలభై రూపాయల తేడా వస్తే గుమాస్తా జీతంలో కోత పడే లోకంలో ఈ తప్పుకు శిక్ష ఏమిటంటే, అరవై ఏళ్లుగా ప్రపంచంలోని డ్రమ్మర్లంతా ఆ తప్పునే సాధన చేస్తున్నారు. బీచ్ బాయ్స్ నాయకుడు బ్రయాన్ విల్సన్ ఆ పాట రేడియోలో విని, కారు నడపలేక రోడ్డు పక్కన ఆపేశాడు. ట్రాఫిక్‌కు కలిగిన ఆ అంతరాయం మీద కేసు నమోదైనట్టు దాఖలా లేదు. 1966లో ఫ్రాంక్ సినాట్రా ‘స్ట్రేంజర్స్ ఇన్ ద నైట్’ పాడుతుంటే బ్లేన్ అదే తప్పును కాస్త మెత్తగా మళ్లీ చేశాడు. ఆ పాటకు గ్రామీ ఇచ్చారు. సినాట్రాకు, నిర్మాతకు.

గ్రామీ అంటే గుర్తొచ్చింది. 1966 నుంచి 1971 వరకు వరుసగా ఆరేళ్లు ‘రికార్డ్ ఆఫ్ ద ఇయర్’ పురస్కారం అందుకున్న ఆరు పాటల్లోనూ డ్రమ్ములు ఈయనవే. ఆరేళ్లూ వేదికెక్కినవాళ్లు మాత్రం మారుతూ వచ్చారు. మారనివాణ్ని పిలవకపోవడంలోనే ఆ సంస్థ నిష్పాక్షికత తెలుస్తోంది.

ఆరో పాట ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’. అందులో మంచులో జారకుండా కారు చక్రాలకు కట్టే గొలుసులు తెచ్చి చప్పుడు కోసం వాడాడు. అంతకుముందు ‘ద బాక్సర్’ పాటకు న్యూయార్క్‌లో డ్రమ్ముల్ని స్టూడియోలోంచి బయటికి లాగి లిఫ్టు పక్కన నడవాలో పెట్టారు. ఫిరంగి పేలినట్టుండాలట. బ్లేన్ బలమంతా పెట్టి కొట్టిన సమయానికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ఒక పెద్దాయన, ఆ భవనం సెక్యూరిటీ గార్డు, హడలిపోయాడు. ఆ పాట విన్నప్పుడల్లా గాయకుల బాధ గురించి అందరూ మాట్లాడతారు. గార్డు బాధ ఎవరూ పట్టించుకోలేదు. విధి పట్టించుకుంది. విడాకుల్లో ఇల్లూ ఆస్తీ పోయాక బ్లేన్ కొంతకాలం ఆరిజోనాలో సెక్యూరిటీ గార్డుగా చేశాడు. యూనిఫారం చొక్కా జేబు మీద పేరు రాసి ఉండే ఉద్యోగం. పేరు కోసం అంత తపించిన మనిషికి ఇంకేం కావాలి?

ఈ సందర్భంగా మన కర్ణాటక సంగీత కచేరీ నిర్వాహకులను కూడా హెచ్చరించక తప్పదు. మృదంగం వాయించేవారి పేరు కరపత్రంలో గాత్రం పేరుతో పాటే వేస్తారు. అది చాలదన్నట్టు తని ఆవర్తనమని కచేరీని ఆయనకే అప్పగించి గాయకుడు పక్కన కూర్చుని చేత్తో తాళం వేస్తాడు. పక్కవాద్యాన్ని ఇలా నెత్తికెక్కించుకుంటే రేపు ఘటం వాళ్లు కూడా అడుగుతారు. (అడిగారు, ఇచ్చారు కూడా.) ఈ విషయంలో మద్రాసు సినిమా పరిశ్రమ ఎంతో పద్ధతిగా ఉండేది. కాల్షీటుకు ఇంతని ఇచ్చి పంపించేవారు. మన ఇళ్లలో ఉన్న పాత తెలుగు క్యాసెట్ల అట్టలు తీసి చూడండి. హీరో మొహం పెద్దది, గాయకుల పేర్లు చిన్నవి, కంపెనీ గుర్తు మధ్యస్థం. డ్రమ్ము కొట్టినాయన? ఆయన లోపల, టేపులో క్షేమంగా ఉన్నాడు.

2000లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఒత్తిడికి లొంగిపోయి పక్కవాద్యాల వాళ్లకంటూ కొత్త విభాగం తెరిచారు. మొదటి జాబితాలో బ్లేన్, ఆయనకంటే ముందునుంచీ అదే పని చేస్తున్న ఎర్ల్ పామర్, మరో ముగ్గురు. విభాగం వేరుగా పెట్టడం వరకు మెచ్చుకోవచ్చు. పెద్దమనుషులు కూర్చున్న వరుసలో కూర్చోబెట్టలేదు. 2018లో గ్రామీ వాళ్లు జీవిత సాఫల్య పురస్కారం కూడా ఇచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై తొమ్మిదేళ్లు. తొందరపడ్డారని నా అభిప్రాయం.

అయితే నన్ను నిజంగా కలవరపెట్టేది డబ్బు సంగతి. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే పాట రాసినవాళ్లకు రుసుము వెళుతుంది. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ ఒక్క సెంటు వెళ్లదు. ఇది ఆరోగ్యకరమైన సంప్రదాయం. కానీ 1995లో డిజిటల్ ప్రసారాల కోసం ఒక చట్టం చేశారు. దాని ప్రకారం వచ్చే ప్రతి నూరు డాలర్లలో రికార్డు హక్కుదారుకు 50, అట్ట మీద పేరున్న కళాకారుడికి 45, మిగిలిన అయిదులో సగం వెనక పాడినవాళ్లకు, సగం వాయించినవాళ్లకు. అంటే రెండున్నర. దాన్ని డ్రమ్మరు, బేస్, గిటార్, పియానో, బూరలు అందరూ పంచుకోవాలి. అదృష్టవశాత్తు 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డులకు ఆ ఫెడరల్ చట్టం వర్తించేది కాదు. బ్లేన్ గొప్ప పాటల్లో అత్యధికం ఆ తేదీకి ముందువే. అలా ఇరవై ఏళ్లకు పైగా పరిస్థితి అదుపులో ఉంది.

ఇంతలో 2018 అక్టోబరు 11న అధ్యక్షుడు సంతకం చేసిన మ్యూజిక్ మోడరనైజేషన్ చట్టం పాత రికార్డుల్ని కూడా లెక్కలోకి తెచ్చేసింది. బ్లేన్ 2019 మార్చి 11న పోయాడు. సరిగ్గా అయిదు నెలలు. ఆ అయిదు నెలల రెండున్నర శాతంలో ఆయన వాటా ఏ లెక్కన మంజూరు చేశారో అమెరికా కాంగ్రెస్ సంజాయిషీ ఇవ్వాలని డిమాండ్ చేస్తున్నాను.