ఎర్రదీపానికీ చెవులుంటాయి

గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పగా విన్నాం గానీ, ట్రాఫిక్ సిగ్నల్‌లోని ఎర్రదీపానికి కూడా చెవులుంటాయని కనిపెట్టిన ఘనత మాత్రం మా కర్నూలు వాహనచోదకులకే దక్కాలి. గట్టిగా హారన్ కొడితే ఆ దీపం భయపడి పచ్చబడుతుందన్న వీరి సిద్ధాంతాన్ని తేలికగా కొట్టిపారేయడం సబబు కాదని తలచి, గత నెల ఒక మంగళవారం ఉదయం రాజ్‌విహార్‌కు వెళ్లే దారిలోని ఒక కూడలిలో, టీ బంకు ముందున్న బల్ల మీద అరగంట సేపు చెవులు రిక్కించి కూర్చున్నాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, మూడేళ్లకే ఆ హోదా పోగొట్టుకున్న ఊరు మాది. పోయినది తిరిగి రమ్మని అప్పటినుంచీ పిలుస్తున్నామేమో, తెలియదు.

దీపం ఎర్రబడి మూడు లెక్కపెట్టేలోపే తొలి హారన్ మోగింది. హారన్‌ను ఎప్పుడూ వెనకవాడే ప్రారంభిస్తాడన్నది ఈ శాస్త్రంలో మొదటి సూత్రం. దీపం కనిపించేది ముందువాడికి, తొందర ఉండేది వెనకవాడికి. తననే అన్నారని నొచ్చుకున్న ఆటో అతను ఆ మాటను తన ముందున్న స్కూటర్‌కు అందించాడు. స్కూటర్ మీది పెద్దమనిషి ముందు ఎవరూ లేరు కనుక ఆయన నేరుగా దీపాన్నే ఉద్దేశించి, రెండు చిన్నవి, ఒకటి పొడవు, అలా మర్యాదగా మోగించారు. దీపం ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే ఒక ఎనుము ఎవరి అనుమతీ లేకుండా వచ్చి కూడలి నడుమ నిలబడింది. దీపం పచ్చబడింది గానీ ఎనుము కదలలేదు. ఇరవై ముప్పై వాహనాలు ఏకకంఠంతో దానికి విన్నవించుకున్నాయి. అది ఒక చెవి ఆడించి నెమరు వేయసాగింది. ఇంతలో వెనకనుంచి ఒక ప్రైవేటు బస్సు తన నాలుగు స్వరాల హారన్‌ను విప్పింది. పెళ్లి మేళంలా మొదలై, మధ్యలో ఏదో పాటను గుర్తుచేసి, చివరకు గొంతు పట్టేసిన పసిబిడ్డ ఏడుపులో ముగిసిన ఆ కచేరీకి టీ గ్లాసులు వణికాయి, నా పక్కన కూర్చున్న ముసలాయన చెవులు మూసుకున్నాడు, ఎనుము పేడ వేసింది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అన్న సామెతను ఇంతకాలం దున్నపోతుకు అవమానంగా భావించినందుకు ఆ క్షణాన సిగ్గుపడ్డాను. మళ్లీ ఎర్రదీపం వచ్చింది. చివరకు ఆ ముసలాయనే లేచి వెళ్లి, నాలుకను అంగిలికి ఆనించి చిన్న చప్పుడొకటి చేశాడు. అంతే, ఎనుము తల తిప్పి ఆయన వెంట నడిచిపోయింది. దీన్నిబట్టి హారన్ వేసేవారు ఏమైనా గ్రహించారా అని చూశాను. వారు ముసలాయనకు హారన్ వేస్తున్నారు.

వరుసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్‌ను వాహనానికి అమర్చరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అవసరం లేకుండా హారన్ మోగిస్తే తొలిసారి వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో చట్టాన్ని సవరించారు కూడా. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని, అలా ప్రకటించిన చోట పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లకు శబ్దం మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. డెసిబెళ్ల లెక్క మన కిరాణా కొట్టు లెక్క వంటిది కాదు. 50 నుంచి 60కి పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లయినట్టు, 70కి చేరితే వంద రెట్లయినట్టు. ఈ సంగతులన్నీ ఆసుపత్రి గోడకు బిగించిన పసుపుపచ్చ బోర్డుకు బాగా తెలుసు. దాని కిందే బస్సులు ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి.

మొన్న వేసవిలో మా అమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు, రోడ్డు వైపు కిటికీ పక్కన మంచం ఇచ్చారు. వినికిడి విషయంలో మా అమ్మ సామాన్యురాలు కాదు. పొద్దున్నే పక్కింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడును మా వంటింట్లోంచే విని, పిండికి వేణ్నీళ్లు చాలలేదు, రొట్టె అంచులు విరుగుతాయి అని చెప్పేది. విరిగేవి. చివరి బస్సు కండక్టరు రేకు మీద చేత్తో కొట్టే దెబ్బనుబట్టి మా నాయన దిగాడో లేదో చెప్పేది. అలాంటి మనిషి, మూడు రోజులు మాట లేకుండా పడుకుని, నాలుగో రోజు తెల్లవారుజామున కళ్లు తెరిచి నాతో ఏదో చెప్పింది. పెదవులు కదలడం చూశాను. అదే సమయానికి కిటికీ కింద ఆ నాలుగు స్వరాలూ మోగాయి. వంగి, ఏమ్మా అని అడిగాను. మళ్లీ చెప్పింది. మళ్లీ మోగింది. మూడోసారి అడిగితే, "ఏం లేదులే నాయనా" అని కళ్లు మూసుకుంది.

ఒరే నాయనా, తెల్లవారి అయిదింటికి, ఖాళీ రోడ్డు మీద, ఎవరిని తప్పుకోమన్నావు? డాక్టరు స్టెతస్కోపు చెవికి పెట్టుకుని ఒక ముసలి గుండె కొట్టుకుంటోందా లేదా అని వెతుకుతుంటే ఆయన చెవిలోకి నీ కచేరీ ఎందుకు? ఎవరు చచ్చిపోతున్నారని నీకంత తొందర? చచ్చిపోతున్నవాళ్లు లోపలున్నారురా! వాళ్లు తొందరపడటం లేదు. నీ బోర్డు నువ్వు చదవలేదు, సరే. దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న ఖాకీ చొక్కా ఏం చేస్తున్నట్టు? ఆ వెయ్యి రూపాయలు ఒక్కడి దగ్గర, ఒక్కసారి వసూలు చేసిన రసీదు ఎవరైనా చూపిస్తే, దాన్ని పటం కట్టించి మా ఇంట్లో పెట్టుకుంటాను.

మన్నించాలి, వ్యాసం అదుపు తప్పింది.

మా అమ్మ కోలుకుంది. ఆ తెల్లవారుజామున ఏం చెప్పబోయిందో ఆమెకే గుర్తు లేదు. ఇంటికి తీసుకువెళ్లడానికి మా బావమరిది కారు తెచ్చాడు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఆసుపత్రి గేటు దాటుతూ, ముందు మనిషి గానీ ఎనుము గానీ లేని ఆ రోడ్డు మీద, అతను బారుగా ఒక హారన్ కొట్టాడు. ఎందుకు కొట్టావయ్యా అని అడిగాను.

"ఎవరన్నా వస్తారేమోనని బావా" అని, ఎందుకైనా మంచిదని ఇంకొకటి కొట్టాడు.