హోస్ట్ టూల్ ఒకటి ఎక్కువైతే పోయేదేముంది?

బోర్డులకు లైనక్స్ ఇమేజ్ తయారుచేసే బిల్డ్‌రూట్ వాడేవాళ్లలో ఒక సలహా బాగా తిరుగుతోంది: "ప్యాకేజీ ఫెయిలైతే హోస్ట్ డిపెండెన్సీ ఒకటి చేర్చెయ్. బోర్డు మీదికెలాగూ వెళ్లదు. తర్వాత కావాలంటే తీసి చూడు, బిల్డ్ అయితే అక్కర్లేనట్టే." హోస్ట్ డిపెండెన్సీ అంటే ప్యాకేజీని బిల్డ్ చేయడానికి మీ పీసీలో నడిచే టూల్. ఈ సలహాలో బోర్డు మీదికి వెళ్లదన్న మాటొక్కటే నిజం.

"బోర్డు మీదికి వెళ్లదు, కాబట్టి నష్టం లేదు." ఇమేజ్ పెరగదు, సరే. కానీ ఏ టూలూ ఒంటరిగా రాదు. కాన్ఫిగర్ స్క్రిప్టును మళ్లీ పుట్టించే ఆటోరీకాన్ఫ్‌కు యెస్ పెడితే ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ మూడూ హోస్ట్‌కు బిల్డ్ అవుతాయి. మెసాన్ అనే బిల్డ్ టూల్ వెంట నింజా, పైథాన్ 3, ఆ పైథాన్ వెనక ఎక్స్‌పాట్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ, జెడ్‌లిబ్ దిగుతాయి. క్లీన్ బిల్డ్ చేసిన ప్రతిసారీ ఇదే తంతు. పైగా లైసెన్సుల వివరాలు పోగేసే లీగల్-ఇన్ఫోలో వీటి సోర్సులు, లైసెన్సులు కూడా వచ్చి కూర్చుంటాయి.

"ఆటోరీకాన్ఫ్ ఉంటే సేఫ్." రిలీజ్ టార్‌బాల్‌లో కాన్ఫిగర్ స్క్రిప్టు తయారుగానే ఉంటుంది. మీ ప్యాచ్ కాన్ఫిగర్.ఏసీనో, మేక్‌ఫైల్.ఏఎమ్‌నో మార్చినప్పుడు, లేదా సోర్సు నేరుగా గిట్ నుంచి తెచ్చినప్పుడు మాత్రమే అది కావాలి. .వై ఫైలు నుంచి పార్సర్ సీ కోడ్ పుట్టించే బైసన్ సంగతీ అంతే. పార్సర్ సీ ఫైలు టార్‌బాల్‌లో ఉన్నా, ప్యాచ్ .వై ఫైలును తాకితే టైమ్‌స్టాంప్ కొత్తదై మేక్ బైసన్‌ను పిలుస్తుంది. తర్వాతి వెర్షన్‌లో ప్యాచ్ పోతుంది, డిపెండెన్సీ లైను మాత్రం ప్యాకేజీ బిల్డ్ సూచనలుండే ఎమ్‌కే ఫైల్లో అలాగే ఉండిపోతుంది. అక్కర్లేనివి ఎక్కువగా ఇలాగే పోగవుతాయి.

"తీసేసినా బిల్డ్ అయితే అక్కర్లేనట్టే." అసలు చిక్కు ఇక్కడే. డర్‌క్లీన్ కమాండ్ ఆ ప్యాకేజీ బిల్డ్ డైరెక్టరీనే తుడుస్తుంది. అవుట్‌పుట్/హోస్ట్‌లో ఇన్‌స్టాలైన టూల్ అక్కడే ఉంటుంది. లేదా ఇంకో ప్యాకేజీ దాన్ని ముందే తెచ్చి ఉంటుంది. లేదా మీ ఉబుంటులోనే ఉంటుంది. కాబట్టి మేక్‌కు అవుట్‌పుట్ చోటు చెప్పే ఓ= ఇచ్చి ఖాళీ డైరెక్టరీలో మొదలుపెట్టండి. పర్-ప్యాకేజ్ డైరెక్టరీస్ ఆప్షన్ ఆన్ చేయండి. అప్పుడు అవుట్‌పుట్/హోస్ట్ నుంచి ప్యాకేజీకి తాను ప్రకటించినవీ, వాటి వెంట వచ్చేవీ మాత్రమే కనబడతాయి. సిస్టమ్ టూళ్ల బెడద లేకుండా యుటిల్స్‌లోని డాకర్-రన్‌తో నడపండి, ఆపైన టెస్ట్-పీకేజీతో వేర్వేరు టూల్‌చెయిన్లపై (కంపైలర్ సెట్లపై) చూడండి. పాసైనా అప్పుడే సంబరపడొద్దు: టూల్ దొరక్క కాన్ఫిగర్ ఒక ఫీచర్‌ను చప్పుడు లేకుండా ఆపేసి ఉండొచ్చు. టార్గెట్ ఫైళ్ల జాబితాను ముందూ తర్వాతా డిఫ్ చేసి, కాన్ఫిగ్.లాగ్‌లో ఆ టూల్ పేరు వెతకండి.

"సిస్టమ్‌లో ఉన్నవి చాలు, హోస్ట్‌వన్నీ పీకేద్దాం." ఇది ఇంకో అతి. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే హోస్ట్ పీకేజీ-కాన్ఫ్, బోర్డు లైబ్రరీలూ హెడర్లూ ఉండే స్టేజింగ్‌ను చూపిస్తుంది. అది లేకపోతే చేత్తో రాసిన మేక్‌ఫైళ్లు సిస్టమ్‌లోని పీకేజీ-కాన్ఫిగ్‌నే పట్టుకుంటాయి. అది మీ పీసీ హెడర్ల దారి ఇస్తే, బోర్డు కోసం కోడ్ కంపైల్ చేసే క్రాస్ కంపైలర్ రాపర్ అన్‌సేఫ్ పాత్ అని బిల్డ్ ఆపేస్తుంది.

"కెర్నల్‌కు అన్నీ టిక్ పెట్టు." 4.16 నుంచి ఫ్లెక్స్, బైసన్ నిజంగానే కావాలి. లిబ్‌ఎల్ఫ్ ముఖ్యంగా ఎక్స్86-64లో ఆబ్జ్‌టూల్ అనే కెర్నల్ బిల్డ్ టూల్ కోసం. ఆర్మ్ బోర్డుకు మామూలుగా అవసరం పడదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ సంతకాలు, సర్టిఫికెట్ల పనికి. కెర్నల్ కాన్ఫిగ్‌లో అవి లేకపోతే ఆ టిక్ తీసేయండి.