మధ్యలో కోస్తే మిగిలేదేమిటి?

1996-97లో మెదడు పొరలకు సోకే మెనింజైటిస్ వ్యాధి ఆఫ్రికాలో పాతిక వేల మందిని పొట్టన పెట్టుకుంది. టీకా కావాలన్న అక్కడి ఆరోగ్య అధికారులు ధరను ముందే తేల్చి చెప్పారు: డోసు అర డాలర్ దాటితే కొనలేం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్య రంగంలో పనిచేసే పాత్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి, గేట్స్ ఫౌండేషన్ ఇచ్చిన 7 కోట్ల డాలర్లతో పనికి దిగాయి. తయారీ విధానం అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల ఇచ్చింది. ఉత్పత్తి పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేపట్టింది. మాలి, గాంబియా, సెనెగల్ వంటి దేశాల్లో పరీక్షలు జరిగాయి. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో టీకాలు మొదలయ్యాయి. ఎ రకం మెనింజైటిస్ ఆ ప్రాంతంలో దాదాపు కనుమరుగైంది. దాతలు అంతకాలం చేయి వదలలేదు కనుకే ఇది సాధ్యమైంది.

పేద దేశాల్లో ఆరోగ్య పరిశోధనకు దాతలు ఇప్పుడు ఇస్తున్నవి ఎక్కువగా మూడు నుంచి అయిదేళ్ల గ్రాంట్లు. నైతిక కమిటీ అనుమతి, ఒప్పందాలు, పరీక్షలకు వాడే రసాయనాల దిగుమతి, సిబ్బంది నియామకం పూర్తయ్యేసరికే గడువులో పెద్ద భాగం కరిగిపోతుంది. ఆ మిగిలిన గడువుకూ భరోసా లేదు. పేద దేశాల సమస్యలపై పరిశోధనకు బ్రిటన్ 2016లో 150 కోట్ల పౌండ్లతో గ్లోబల్ చాలెంజెస్ రీసెర్చ్ ఫండ్ పెట్టింది. 2021లో విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.7 నుంచి 0.5 శాతానికి కుదించడంతో, ఒప్పుకున్న పనులకే 12 కోట్ల పౌండ్లు తక్కువ పడ్డాయి. నడుస్తున్న ప్రాజెక్టులకు కత్తెర పడింది.

అలా కోత పడినప్పుడు మొదట పోయేది పరిశోధన కోసం దాచిన రక్తం వంటి నమూనాలు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు కరెంటు పోతే జనరేటర్ కావాలి, జనరేటర్‌కు డీజిల్ కావాలి, రాత్రిపూట చూసే టెక్నీషియన్‌కు జీతం కావాలి. పరిశోధనలో ఏళ్ల తరబడి గమనిస్తున్న పిల్లల నుంచి ఒక విడత రక్తం తీయకపోతే, అంతకుముందు తీసినదాని విలువా పడిపోతుంది.

ఇంకో అన్యాయం సంస్థను నడిపే ఖర్చు, అంటే ఓవర్‌హెడ్. అమెరికా ఎన్‌ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) విదేశీ సంస్థలకు పరోక్ష ఖర్చులకింద ఎన్నో ఏళ్లుగా 8 శాతమే ఇస్తోంది. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలు చాలావాటికి ఈ రేటు 50 శాతం దాటుతుంది. లెక్కలు, ఆడిట్లు, కరెంటు బిల్లులు పేద దేశపు ప్రయోగశాలకు మాత్రం తప్పుతాయా? పైగా ముందు ఖర్చుపెట్టి తర్వాత వసూలు చేసుకోమంటే, చేతిలో నిల్వ లేని సంస్థ ఎలా నెగ్గుకొస్తుంది?

కనీసం ఏడేళ్ల హామీ ఇవ్వాలి. మొదటి ఆరు నెలల ఖర్చు ముందుగానే ఇవ్వాలి. పని జరిగే దేశపు సంస్థకే నేరుగా నిధులు అందాలి. ప్రాజెక్టు ఆగిపోతే నమూనాలు, సిబ్బంది ఏడాదిపాటు నిలబడేలా విడిగా సొమ్ము కేటాయించాలి, అది ఒప్పందంలోనే రాసి ఉండాలి.