కుదురుగా కూర్చున్నవాడికే చదువు

చదువు రావాలంటే ముందు కూర్చోవాలి. "ఒకచోట కుదురుగా కూర్చోరా" అన్న మాటతోనే మనందరి విద్యాభ్యాసం మొదలైంది. అక్షరాలు తర్వాత వచ్చాయి, కొందరికి రానేలేదు. అయినా కూర్చున్నాం కాబట్టి ఉద్యోగాలొచ్చాయి. ఇంత తేలికైన విషయం గంగిరెద్దులవాళ్లకు, బుడగ జంగాలకు, పాములవాళ్లకు, దొమ్మరులకు, పూసలవాళ్లకు ఎందుకు ఎక్కడం లేదో నాకు అంతుబట్టదు. ఊరి బయట తుమ్మచెట్ల మధ్య గుడారం వేస్తారు. నాలుగు రోజులకు పీకేస్తారు. పిల్లల్ని వెంటేసుకుని ఇంకో ఊరికి పోతారు. పైగా మా పిల్లలకు చదువేదీ అని ప్రభుత్వాన్ని అడుగుతారు!

ప్రభుత్వం తన వంతు చేయలేదా? 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. కిలోమీటరు దూరంలో ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్ల దూరంలో ప్రాథమికోన్నత పాఠశాల ఉండాలని లెక్క. ఆ కిలోమీటరు ఎక్కడి నుంచి కొలవాలి? ఇంటి నుంచి. ఇల్లే లేచి నడుస్తుంటే టేపు పట్టుకున్న ఉద్యోగి ఏం చేస్తాడు పాపం, దాని వెనక పరిగెత్తాలా?

నిజం చెప్పాలంటే, ఆ చట్టం రాసినవాళ్లే కాస్త తొందరపడ్డారు. వయసు రుజువు లేదన్న సాకుతో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదట. టీసీ ఆలస్యమైందని ఆపకూడదట. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదేనట. అదృష్టం కొద్దీ ఈ సెక్షన్లన్నీ పుస్తకంలో క్షేమంగా ఉన్నాయి. బడి గుమ్మం దగ్గర మాత్రం సంభాషణ పాత పద్ధతిలోనే నడుస్తుంది.

"ఏ ఊరయ్యా మీది?"

"ఇప్పటికైతే మీ ఊరే సారూ."

"అట్లా కాదు. ఆధార్‌లో ఏ ఊరుంది?"

"అది తీసిన రోజు ఏ ఊళ్లో ఉన్నామో ఆ ఊరు."

"పిల్లాడు ఎప్పుడు పుట్టాడు?"

"వరి కోతలప్పుడు సారూ. ఆ ఏడు గట్టి వాన పడ్డది."

ఇలాంటి జవాబులతో ఆన్‌లైన్ ఫారం ఎలా నింపుతారు? అందులో తేదీకి గడి ఉంటుంది గానీ వానకు ఉండదు. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. పుట్టి ఏడాది దాటాక నమోదు చేయించుకోవాలంటే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. రోడ్డు పక్క గుడారంలో పురిటి నొప్పులు పడే తల్లి ఈ గడువు గుర్తుపెట్టుకోవాలా వద్దా?

అదే కుటుంబంలో ఎద్దును చూడండి. గాలికుంటు టీకా వేయడానికి వచ్చిన పశువైద్య సిబ్బంది దాని చెవికి పసుపు ట్యాగు వేసి పోతారు. అందులో పన్నెండంకెల నంబరు ఉంటుంది. వయసు, జాతి, టీకాలు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతాయి. ఆ గుడారంలో కాగితాలు సక్రమంగా ఉన్న ప్రాణి అదొక్కటే కావచ్చు. కాబట్టి సీటు ఎద్దుకు ఇచ్చే విషయం పరిశీలించాలని నా సూచన. ఏం చెప్పినా తలూపడం దానికి ముందే వచ్చు. మన తరగతి గదుల్లో అంతకుమించి అడుగుతున్నదీ లేదు.

ఇక హాజరు సంగతి. అమ్మఒడి అయినా, తల్లికి వందనం అయినా 75 శాతం హాజరు ఉండాలన్నారు. ఈ షరతు చూసి సంచార జాతులు భయపడాల్సిన పని లేదు. హాజరు పట్టీతో వాళ్ల అనుబంధం మనకంటే పాతది. 1871లో ఆంగ్లేయులు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుని వ్యాపారం చేసుకునే ఎరుకల వాళ్లకు రైళ్లు వచ్చి బేరం పోయింది. బేరం పోయినా తిరుగుడు మానలేదు కాబట్టి వాళ్లు దొంగలే అయి ఉండాలని సర్కారు తేల్చింది. వేలిముద్రలు తీసుకుంది. రాత్రి పూట పిలిచి హాజరు వేసింది. పక్క ఊరికి పోవాలంటే పాసు ఉండాలంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్లు అలా వెలిశాయి. స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. మన సినిమావాళ్లు తర్వాత ఆ ఊరి పేరు మీద దొంగల కథలు తీసి బాగుపడ్డారు.

పిల్లల సంక్షేమం విషయంలో ఆ దొరల చట్టం మన చట్టం కంటే ఉదారమైనది. మన విద్యాహక్కు 6 నుంచి 14 ఏళ్ల వరకే. దొరలు 6 నుంచి 18 దాకా ఇచ్చారు. ఆ వయసు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఆధార్ అడగలేదు, టీసీ అడగలేదు, ఆదాయ ధ్రువపత్రం అసలే అడగలేదు. తల్లిని కూడా అడగలేదు. నూటికి నూరు శాతం అడ్మిషన్లు!

స్వాతంత్ర్యం వచ్చాక మన తిరుచానూరు వాస్తవ్యులు అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ చట్టం పనికిరాదని కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. నేరస్థ జాతులు విముక్త జాతులయ్యాయి. పదేళ్లకు, 1962లో, మన రాష్ట్రం అలవాటు నేరస్థుల చట్టం చేసుకుంది. పూర్తిగా వదిలేస్తే వాళ్లకు మాత్రం బెంగ ఉండదా?

విముక్తి తర్వాత వాళ్లను జాబితాల్లో పెట్టే పని మొదలైంది. లంబాడీలు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీలు. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే ఎస్సీలు. మహారాష్ట్రలో ఆ రెండూ కాదు, విముక్త జాతి. చెరకు కోతకు మూడు రాష్ట్రాలు తిరిగిన కుటుంబం ఒకే సీజన్‌లో మూడు కేటగిరీలు చూడొచ్చు. బుడగ జంగాలది ఇంకా చక్కటి ఏర్పాటు. తెలంగాణ ఎస్సీ జాబితాలో వాళ్ల పేరుంది. తుంగభద్ర దాటి కర్నూలు వైపు వస్తే లేదు. అవతలి గట్టు మీద ఉన్న కులం ఇవతలి గట్టుకు చేరేసరికి నీళ్లలో కొట్టుకుపోతుంది. ఆంధ్రలో ఆ సర్టిఫికెట్ కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. గురుకులంలో ఐదో తరగతి సీటుకు పరీక్ష రాయాలన్నా కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం జత చేయాలి. వెంట్రుకలకు స్టీలు గిన్నెలు మారుస్తూ తిరిగే తల్లి ఏడాది ఆదాయం ఎంతో ఏ తహసీల్దారుకు తెలుసు? తెలియాలంటే ఆమె ఆయన మండలంలో ఉండాలి. ఉండదు. చూశారా, మళ్లీ తప్పు ఆమెదే.

దేశం మొత్తం మీద ఏ జాబితాలోకీ ఎక్కని సంచార, విముక్త జాతులు రెండున్నర వందలకు పైనే ఉన్నాయని ఇదాతే కమిషన్ తేల్చింది. అంతకుముందు, 2008లో నివేదిక ఇచ్చిన రేణకే కమిషన్ వీళ్ల జనాభా పది కోట్లకు పైగా ఉంటుందని అంచనా కట్టింది. వీళ్ల కోసం కేంద్రం 2022లో సీడ్ అనే పథకం తెచ్చింది. పోటీ పరీక్షల కోచింగ్, ఆరోగ్య బీమా, ఉపాధి, ఇల్లు, అన్నీ అందులోనే. ఐదేళ్లకు 200 కోట్లు. తలకు ఇరవై రూపాయల లోపు, ఏడాదికి నాలుగు రూపాయలు కూడా పడదు. బలపాల డబ్బా కూడా రాదని కొందరు గొణుగుతున్నారు. డబ్బా ఎందుకండీ, ఒక్క బలపం చాలదా? అరిగిపోయేలోపు కొత్త కమిషన్ వేస్తారు.

మనం మాత్రం వాళ్ల సంస్కృతిని చిన్నచూపు చూసినవాళ్లం కాదు. సంక్రాంతి వచ్చిందంటే ఏ ప్రైవేటు స్కూల్లోనైనా ఫ్యాన్సీ డ్రెస్ పోటీ ఉంటుంది. యూకేజీ పిల్లాడికి తలపాగా చుట్టి, చేతికి సన్నాయి బొమ్మ ఇచ్చి, అట్టతో చేసిన ఎద్దును పక్కన నిలబెడతారు. వాడు "అయ్యగారికి దండం పెట్టు" అనగానే హాలంతా చప్పట్లు. మొదటి బహుమతి ఖాయం. ఆ సమయానికే అసలు పిల్లాడు అసలు ఎద్దుతో గేటు దగ్గరకు వస్తే వాచ్‌మన్ కర్ర తీస్తాడు. ఒరిజినల్‌కు పోటీలో పాల్గొనే అర్హత ఎక్కడిది? వాడు ఫీజు కట్టలేదు కదా.

కశ్మీరులో గుజ్జర్లు, బకర్వాళ్లు ఎండాకాలం గొర్రెలు తోలుకుని కొండలెక్కితే వాళ్లతోపాటు టీచరు కూడా ఎక్కి అక్కడే సీజనల్ బడి నడుపుతాడట. మహారాష్ట్రలో వలస పోయే పిల్లలకు హామీ కార్డు ఇచ్చి, ఏ ఊరి బడి అయినా చేర్చుకోవాలన్నారట. ఇలాంటి ప్రమాదకరమైన ఆలోచనలు మన దాకా రాకూడదు. బుడగ జంగాల వెంట నడిచే టీచరుకు హెచ్‌ఆర్‌ఏ ఏ శ్లాబులో ఇవ్వాలో ఆర్థిక శాఖ ఎప్పటికి తేల్చేను?

ఊరూరా తిరిగే పిల్లలకు చదువు చెప్పడం మన దేశానికి చేతకాదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. బ్రహ్మాండంగా చేతనవును. 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలైందే అందుకు. నాన్నకు బదిలీ అయితే పిల్లల చదువు చెడకూడదని దేశమంతా ఒకే సిలబస్ పెట్టారు. ఇప్పుడు పన్నెండు వందలకు పైగా బళ్లున్నాయి. సిమ్లాలో ఆపిన పాఠం సికింద్రాబాదులో అందుకోవచ్చు. అక్కడ ఒక నియమం నాకు మరీ నచ్చింది. గత ఏడేళ్లలో తండ్రికి ఎన్ని ఎక్కువ బదిలీలైతే పిల్లాడికి సీటులో అంత ప్రాధాన్యం. అంటే తిరుగుడు దోషం కాదు, అర్హత. మా ఇంట్లోనే తాత గుంటూరు, నాన్న వరంగల్, నేను హైదరాబాదు, మా అబ్బాయి డల్లాసు. మమ్మల్ని ఎవరూ సంచార జాతి అనలేదు, కెరీర్ అన్నారు.

మరి ఆ లెక్కన గంగిరెద్దుల తండ్రి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అని ఒక మిత్రుడు అమాయకంగా అడిగాడు. ఏడేళ్లలో ఆయనకైనన్ని బదిలీలు ఏ కల్నల్‌కూ కాలేదట. నిజమే గానీ నిబంధనలు చూడొద్దూ. ముందు ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగి కాదు. పైగా బదిలీగా లెక్కించాలంటే ఒకచోట కనీసం ఆరు నెలలు ఉండి ఉండాలి. ఆయన్ను ఆరు రోజులు ఉండనిచ్చిన ఊరు లేదు. అన్నిటికంటే ముఖ్యం, బదిలీకి కాగితం కావాలి. ఆయనకు బదిలీ చేసేది ఊరి పెద్దమనుషులో, ఎస్సై గారో. "తెల్లారేసరికి గుడిసెలు లేపాలి" అని నోటిమాటగా చెప్పి జీపెక్కి పోతారు. అదే మాటను లెటర్‌హెడ్ మీద రాయించి, తేదీ వేయించి, స్టాంపు కొట్టించి, రెండు జిరాక్స్ కాపీలు గెజిటెడ్ అధికారితో అటెస్ట్ చేయించుకుని వస్తే అప్పుడు పరిశీలిస్తారు.